నంద్యాల బొమ్మకార్లకు విశాఖ చక్రాలు

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధివాళ్ళు ముందు సింహాచలం ప్రసాదం ఏదన్నారు. ఆ తర్వాత సముద్రం ఒడ్డున పెట్టిన జలాంతర్గామి ఎక్కావా అన్నారు. కొండకు పోలేదు. జలాంతర్గామిని బస్సు కిటికీలోంచి చూశాను. నేను తెచ్చిందల్లా ఒక గోనెసంచి. అందులో ఏముందో చూసి మా ఆయన, దీనికోసం అంత దూరం రైల్లో పోవాలా, మన పాత ఇనుప సామాన్ల కొట్లో అడిగితే ఊరికే ఇచ్చేవాళ్ళు కదా అన్నాడు. ఆయనకేం తెలుసు, ఆ సంచిలో ఉన్నది ఒక్క చోట దొరికే సరుకు కాదు. దాని కోసం విశాఖ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగాను.

సంగతేమిటంటే, నంద్యాల్లో మా ఇంటి ముందుగదిలో పిల్లల కోసం చిన్న గ్రంథాలయం నడుపుతున్నాను. ఎండాకాలం సెలవుల్లో పుస్తకాలతో పాటు ఏదో ఒక చేతిపని నేర్పిస్తాం. నిరుడు బొమ్మకారు చేద్దామని ఆన్‌లైన్లో ఒక విడిభాగాల పెట్టె తెప్పించాను. పెట్టె ఒకటి, పిల్లలు ఇరవై మందికి పైన. ఒకరు మేకు బిగిస్తే మిగతావాళ్ళు చూడ్డం, ఒకరు చక్రం తొడిగితే మిగతావాళ్ళు చూడ్డం. తయారైన కారు ఎవరింటికి పోవాలో తేలక నా దగ్గరే ఉండిపోయింది. అందుకని ఈ ఏడు ముందే మాటిచ్చేశాను. ఎవరి కారు వాళ్ళే చేసుకోవాలి, చేసుకున్న కారు వాళ్ళింటికే పోవాలి. ఇంటికి వంద రూపాయలు తీసుకున్నాను. అంతకు మించి అడగడానికి నోరు రాదు, ఆ తల్లుల్లో చాలామంది మిరపకాయలు కోయడానికి కూలికి పోయేవాళ్ళు.

మాటిచ్చాక లెక్క వేసుకున్నాను. అదీ నా తెలివి.

మా కారు నిజానికి చాలా సులువైనది. ఒక చెక్క పలక, రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. పలక మీద చిన్న మోటారు, దానికి ప్లాస్టిక్ సీసా కోసి చేసిన ఫ్యాను. ఫ్యాను గాలిని వెనక్కి కొడితే కారు ముందుకు పోతుంది. పలకలు మా వడ్రంగి ఇస్తానన్నాడు. మిగతావి ఆన్‌లైన్లో చూస్తే ఒక్కో కారుకు రెండు వందలు దాటుతోంది. హైదరాబాదులో అడిగించినా అంతే. ఓడలూ ఉక్కూ రెండూ ఉన్న ఊళ్ళో చిన్న ఇనుప ముక్కకు కరువుంటుందా అనుకుని విశాఖ రైలెక్కాను. దొరక్కపోతే మళ్ళీ ఒక్క కారు, ఇరవై మంది చూడ్డం. ఆ పిల్లల ముందుకు ఏ మొహంతో పోవాలో ఆలోచించుకోలేదు.

ఓల్డ్ టౌన్: కళ్ళు పెట్టని బేరం

గోపాలపట్నంలో మా పిన్ని కూతురు విజయ ఇంట్లో దిగాను. మోటార్ల కోసమైతే ఓల్డ్ టౌన్‌కి పొమ్మని తనే చెప్పింది. పోర్టు వైపు దిగే సందుల్లో తిరిగి తిరిగి జిలానీ భాయ్ కొట్టు పట్టుకున్నాను. పాత ప్రింటర్లు, సీడీ ప్లేయర్లు, టేప్ రికార్డర్లు విప్పి, లోపలి భాగాలన్నీ రకం వారీగా నూనె డబ్బాల్లో పోసి పెట్టాడు. ఒక డబ్బా నిండా బొటనవేలంత మోటార్లే. నాకు బంగారం కొట్లో నిలబడినట్టే అనిపించింది.

జిలానీ భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్న కాలంలో అది రేడియోలు బాగుచేసే కొట్టట. నేను అలవాటు కొద్దీ డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసి తిప్పి చూడబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏరితే పీసు రేటు ఆపా, ఏరకపోతే కేజీ రేటు. కేజీకైతే చెయ్యి పెట్టాల, కళ్ళు పెట్టకూడదు."

పీసు రేటు నా శక్తికి మించింది. కేజీ రేటు వింటే మాత్రం ప్రాణం లేచొచ్చింది. కానీ చూడకుండా తీసుకోవడమా? మా నంద్యాల సంతలో బెండకాయ కూడా కొస విరిచి చూడందే కొనం. అమ్మేవాడు అరుస్తూనే ఉంటాడు, మేం విరుస్తూనే ఉంటాం. ఇక్కడ మోటార్లను గుడ్డిగా ఎలా కొనడం అని కాసేపు గింజుకున్నాను. చివరికి వేరే దారిలేక గోడ మీది క్యాలెండరు చూస్తూ రెండు చేతులా తీసి తక్కెట్లో పోశాను.

తూకం అయ్యాక ఆయన వెంటనే డబ్బు పుచ్చుకోలేదు. ఒక పెన్సిల్ సెల్లు, రెండు తీగముక్కలు తీసుకుని ఒక్కో మోటారుకూ తగిలించి చూడ్డం మొదలుపెట్టాడు. తిరిగింది నా సంచిలోకి, తిరగనిది వెనక్కి. వెనక్కి పోయిన దానికి బదులు మంచిది తనే ఏరి వేశాడు. కేజీ రేటు మాత్రం మారలేదు. ఇంతా చేసేవారు నన్నెందుకు ఏరనివ్వలేదని అడిగాను.

"ఏరుకున్నోళ్ళ సరుకు వాళ్ళ పూచీ. ఏరకుండా తీసుకున్నోళ్ళది నా పూచీ. మీ ఊళ్ళో ఇలా లేదా?"

లేదని ఒప్పుకోవడానికి కొంచెం నామోషీ అనిపించి, మా ఊళ్ళో ఎండలెక్కువ అని మాట మార్చాను. ఆయన నవ్వి చాయ్ తెప్పించాడు. చాయ్‌లో ముంచుకోవడానికి ఇచ్చిన బన్ను మెత్తగా, కొంచెం ఉప్పగా ఉంది. రెండు తిన్నాను.

గోపాలపట్నం: విజయ వంటింట్లో తెగిన మూతలు

మోటార్లు దొరికాయన్న సంబరం మర్నాటి మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. మార్కెట్లో బొమ్మల హోల్‌సేల్ కొట్లో చక్రం ఒక్కటి పాతికన్నారు. నాలుగు చక్రాలకే వంద. పిల్లలిచ్చిన డబ్బంతా చక్రాలకే పోతే మోటార్లకిచ్చిందీ, సెల్లులకు కావలసిందీ ఎక్కడి నుంచి తేవాలి? ఎంత బేరమాడినా కొట్టతను ఇరవై రెండు దగ్గర కూర్చున్నాడు, లేవలేదు.

ఇంటికొచ్చి సీసా మూతలతో ప్రయత్నించాను. మూతకు సరిగ్గా నడిమధ్య కన్నం పెట్టడం నా వల్ల కాలేదు. కాల్చిన మేకుతో పొడిస్తే మూత వంకర పోయింది, వంటిల్లంతా ప్లాస్టిక్ కంపు. అతికష్టం మీద ఒక కారు తయారైంది గానీ అది నడిచే తీరు చూసి విజయ పడీపడీ నవ్వింది. పైగా తన నెయ్యి డబ్బా మూత కూడా అందులో పోయింది. ఆ రాత్రి పనసపొట్టు కూర వడ్డిస్తూ, మూతలన్నీ దాచేశాను, ఇక నీ ఇష్టం అంది. ఆవ పెట్టిన ఆ కూర ఘాటు ముక్కుకు ఎక్కుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. అన్నీ కూర వల్లే వచ్చాయని చెప్పలేను.

కూర్మన్నపాలెం: కాలగా మిగిలిన ముక్కలు

చక్రాల సంగతి దేవుడెరుగు, ఇరుసులైనా చూసుకుందామని స్టీల్ ప్లాంట్ వైపు పోయాను. కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగ్ షాపులు చాలానే ఉన్నాయి. డ్యూటీ దిగినవాళ్ళ బళ్ళతో రోడ్డంతా నిండిపోయే వేళకు అప్పలనాయుడు షాపు ముందు ఆగాను. ఆగడానికి కారణం అతని కాళ్ళ దగ్గరున్న రేకుడబ్బా.

వెల్డింగ్ కడ్డీ చివరంటా కాలదు. పట్టుకునే చోట బెత్తెడు ముక్క మిగిలిపోతుంది. అలా మిగిలిన ముక్కల్ని పారెయ్యకుండా అతను డబ్బాలో వేస్తాడు. నెలకోసారి పాత ఇనుముతో పాటు పంపిస్తాడట. నా కంటికవి ముక్కలు కావు, ఇరుసులు. బెత్తెడు పొడవు, పెన్సిల్ ముల్లు కంటే కాస్త లావు, అన్నీ ఒకే మందం. బొమ్మకార్లకని చెప్పగానే డబ్బా ఎత్తి ముందర బోర్లించాడు. సగం వంగిపోయినవే. వాటిని ఒక ఇనుప పలక మీద దొర్లిస్తూ కూర్చున్నాను. తిన్ననివి ఆ కొస దాకా దొర్లుతాయి, వంకరవి మధ్యలో తడబడి ఆగుతాయి. పక్కన పనిచేస్తున్నతను, "బావా, మనం గేట్లు సేత్తన్నాం గానీ ఈయమ్మ పనే బాగున్నాది" అన్నాడు.

నాయుడు చీపురుపల్లి పక్క పల్లె నుంచి వచ్చాడు. ఊళ్ళో ఇప్పటికీ కొంచెం పొలం ఉందట. వాళ్ళావిడ గ్లాసులో చోడి అంబలి ఇచ్చింది, పక్కన పచ్చి ఉల్లిపాయ. చోళ్ళంటే మేం రాగులనేవే. మా వైపు వాటిని సంకటి ముద్దగా గట్టిగా చేసి తింటాం. వీళ్ళు పలచగా కాచి, పులియబెట్టి తాగుతారు. ఆ ఎండకు అంబలే న్యాయమనిపించింది, మా అమ్మ వినకుండా ఉంటే చాలు.

డబ్బులిస్తానంటే, పాత ఇనుములో ఎల్లీ సరుక్కి డబ్బులేటక్కా అని తీసుకోలేదు. లేవబోతుంటే, గోడకున్న మేకుకు వేలాడుతున్న షట్టరు తాళాలు కనిపించాయి. గుత్తి చేతిలోకి తీసుకున్నాను, దానికి ఎర్రటి గుండ్రటి బిళ్ళ ఒకటి కట్టి ఉంది. అరచేతిలో ఇమిడేంత. దళసరిగా, తేలిగ్గా, సరిగ్గా నడిమధ్య కన్నంతో.

"ఏటక్కా, అలా సూత్తన్నావ్? వల బెండు అది. భీమిలి నేస్తం ఒకడిచ్చాడు."

వల పైఅంచు మునిగిపోకుండా వరసగా కట్టే బిళ్ళలవి. కన్నంలోంచి తాడు దూరుతుంది. తాడు దూరే చోట ఇరుసు దూరదా? ఆ తాళాలు నాయుడు చేతికి తిరిగిచ్చానో లేదో కూడా గుర్తులేదు. ఇచ్చే ఉంటాను, లేకపోతే అతను విజయ ఇంటిదాకా వచ్చేవాడు.

భీమిలి: పోలమ్మ వల

మర్నాడు పొద్దున్నే భీమిలి బస్సెక్కాను. వలల సామాను అమ్మే కొట్లో చిన్న బెండ్లున్నాయి గానీ బస్తాలెక్కనే ఇస్తారట. ఆ బస్తా కొంటే మా జిల్లాలోని పిల్లలందరికీ కార్లు చేయొచ్చు, ఆ డబ్బుతో మా గ్రంథాలయానికి సున్నం కొట్టించొచ్చు. పాతవేమైనా దొరుకుతాయేమోనని ఒడ్డుకు నడిచాను.

అది వేట ఆపేసే ఎండాకాలం. పడవలన్నీ ఇసుకలోకి లాగేసి ఉన్నాయి. మనుషులు నీడపట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. తాటాకు పందిరి కింద ఒక పెద్దావిడ చిరిగిన వల నుంచి బెండ్లు కోసి గంపలో వేస్తోంది. ఆవిడ పేరు పోలమ్మ. గంప నిండబోతోంది. అందులో ఎన్ని కార్లున్నాయో అక్కడే లెక్కపెట్టేశాను, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఎదురుగా కూర్చుని సంగతంతా చెప్పాను, పిల్లలు, వంద రూపాయలు, అన్నీ. ఆవిడ చేతి కత్తి ఆగకుండానే విన్నది. అవి అమ్మేవి కావంది. కొత్త వలకు కొత్త బెండ్లు కొన్నారట, అయినా వాటిలో పాతవి కొన్ని కలపాలి, మిగిలినవి దాచి ఆ పై వలకు కలపాలి. వాళ్ళింట్లో అదే ఆనవాయితీ. వాళ్ళ అత్తగారి వల బెండు ఒకటి ఇప్పటికీ వరసలో ఉందని వేలితో చూపించింది. రంగంతా పోయి ఎముకలా తెల్లగా ఉంది.

"నీళ్ళు సూసిన బెండు గట్టున పడి ఎండకూడదమ్మా. మీ వూళ్ళో సముద్రం ఉన్నాదేటి?"

లేదన్నాను. సముద్రమేం ఖర్మ, మాకు కొళాయి నీళ్ళే రోజు విడిచి రోజు వస్తాయి. ఆ మాట ఇప్పుడు అనవసరమని మింగేశాను. బతిమాలాను. ధర పెంచాను. పెంచేకొద్దీ ఆవిడ మొహం ముడుచుకుపోయింది. అంతలోనే నాకు తెలిసొచ్చింది, నేను అడుగుతున్నది కొట్లో సరుకు కాదు. ఆ మాటే ఆవిడతో అన్నాను, డబ్బు సంగతి మళ్ళీ ఎత్తనన్నాను. చేసి చూపిస్తాను, చూసి చెప్పండి, నాలుగే నాలుగు అప్పివ్వండి అన్నాను. సూసుకున్నాక నాలుగూ నా గంపలో ఎయ్యాల అంటూ ఇచ్చింది.

సంచిలో మచ్చుకు తెచ్చుకున్న పలక ఉంది, మోటారూ సెల్లులూ ఉన్నాయి, నాయుడు ముక్కలున్నాయి. బెండు కన్నం ఇరుసు కంటే పెద్దది, చక్రం వదులుగా ఊగింది. ఒడ్డున తెగిపడి ఉన్న రబ్బరు చెప్పు చూసి, దాన్ని కోసి కన్నంలో బిరడా కొట్టి, మధ్యలో ఇరుసు గుచ్చాను. చుట్టుపక్కల వలల దగ్గరున్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఎవరో, ఏటి సేత్తన్నాది ఈవిడ అంటే, ఇంకెవరో, కారంటరా అన్నారు.

పొడి ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయని అల వెనక్కి తీసిన తడి ఇసుక మీద పెట్టి తీగ కలిపాను. ఫ్యాను గిర్రున తిరిగింది. కారు కదిలింది. అందరూ ఓ అన్నారు. నేనూ అన్నాను. అయితే ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుందన్న సంగతి మా నంద్యాల బుర్రకు తట్టలేదు. కారు తిన్నగా నీళ్ళ వైపు పోయింది. నేను పరిగెత్తాను, చెప్పులు ఇసుకలో దిగబడి బోర్లా పడ్డాను. తల ఎత్తేసరికి కారు అలలోకి దిగిపోతోంది. మోటారు పోయింది, అప్పు తెచ్చిన నాలుగు బెండ్లు పోయాయి, ఇక నా పనీ అయిపోయింది అనుకున్నాను.

మునగలేదు.

నాలుగు బెండ్లూ దాన్ని ఎత్తి పట్టుకున్నాయి. పలక నీళ్ళపైన ఉంది, పలక పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. గాలి తోసినంత మేర అది పడవలా ముందుకు పోతోంది. చిన్న అల వచ్చి వెనక్కి నెట్టింది, మళ్ళీ ముందుకు పోయింది. వలల దగ్గర వాళ్ళంతా చప్పట్లు. పోలమ్మ మాత్రం నవ్వలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నడుము లోతు నీళ్ళలోకి నడిచి దాన్ని రెండు చేతులా తీసుకొచ్చింది. ఒడ్డున నిలబడి ఒక చక్రాన్ని బొటనవేలితో తిప్పింది. ఉప్పునీళ్ళు కారుతున్నాయి. చాలాసేపు తిప్పుతూనే ఉంది.

"ఇది గట్టు మీదా ఎల్తాది, నీళ్ళలోనూ తేల్తాది. మరింక నానేటి అడ్డం సెప్పీది, పట్టుకెళ్ళు. ఒక్కటి మాత్రం. మీ గుంటలు నేల మీద తిప్పీ ముందు దీన్ని నీళ్ళలో ఒగ్గాల. ఒగ్గుతారా?"

గుంటలంటే పిల్లలని, ఒగ్గడమంటే వదలడమని విజయ ఇంట్లో విని ఉన్నాను కాబట్టి, ఒగ్గుతారన్నాను. కొత్త వలకు కలపాల్సినవి ఉంచుకుని, గంపలో మిగతావన్నీ నా సంచిలో పోసింది. డబ్బు ఊసెత్తలేదు, ఎత్తనన్నాను కదా. దారికని తెచ్చుకున్న ఎండు జొన్నరొట్టెలు, వేరుసెనగ పొడి మిగిలి ఉంటే ఇచ్చాను. రొట్టెను విరిచి చప్పుడు విని, ఇదేటి అప్పడమా అంది. పొడి అద్దుకుని తిన్నాక ఇంకో రొట్టె అడిగింది. ఆ మోటారు మాత్రం ఉప్పునీళ్ళకు సాయంత్రానికే బిగుసుకుపోయింది.

నంద్యాల: తొట్టి చుట్టూ

తరగతి మొదలైన వారంలో పిల్లలు పలకలకు రంగులు వేసుకున్నారు, ఇరుసులు గరుకు కాగితంతో రుద్దుకున్నారు, పాత చెప్పులు కోసి బిరడాలు చేసుకున్నారు. మోటారు బిగించే ముందు నీళ్ళలో వదలాలని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. మా పెరట్లో సిమెంటు తొట్టి ఉంది గానీ అది నిండాలంటే రెండు విడతల కొళాయి నీళ్ళు కావాలి. పిల్లలు ఇళ్ళకు పోయి తలా ఒక చెంబు తెచ్చారు. కొందరి వెనక తల్లులు బిందెలతో వచ్చారు. నీళ్ళు దొరకని కాలంలో బొమ్మల కోసం ఎవరు తెమ్మన్నారని ఒక్కరూ అడగలేదు. పోలమ్మ కథ పిల్లలు అప్పటికే ఇళ్ళలో చెప్పేశారు.

తొట్టిలో వరసగా వదిలారు. ఒకటి పక్కకు ఒరిగింది, బిరడా సరిచేసి వదిలితే నిలబడింది. అన్నీ తేలాయి. మాలో సముద్రం చూసింది నేనొక్కదాన్నే. కానీ ఆ పూట తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డ మొహాల్లో ఏదో ఒడ్డున నిలబడ్డవాళ్ళ చూపుంది.

తుడిచి, ఆరబెట్టి, మోటార్లు బిగించుకున్నారు. వరండా అంతా ఫ్యాన్ల రొద. ఒకరి కారు ఒకరి కాళ్ళకు తగలడం, ఇది నాదంటే నాదని అరవడం, అడుగున రాసుకున్న పేరు చూపించడం. చీకటి పడబోతుంటే తల్లులు కేకలేశారు. కారు చంకలో పెట్టుకుని ఒకరు, తల మీద పెట్టుకుని ఒకరు, అందరూ వెళ్ళిపోయారు. గ్రంథాలయానికి తాళం వేస్తూ లోపలికి ఒకసారి చూశాను. ఒక్క కారు కూడా మిగల్లేదు.